ఒక్క రింగు

అనంతపురంలో సోషియాలజీ చెప్పే ప్రొఫెసర్ శశికుమార్‌ను పల్లెల్లో ఫోన్ల సారు అనేవాళ్లు. ఫోనొచ్చాక మనుషులు దగ్గరయ్యారా, దూరమయ్యారా అని పదేళ్లుగా ఊరూరా తిరిగి రాసుకుంటున్నవాడు. పరిశోధకుడు చూడాలి గానీ వేలు పెట్టకూడదని ఏటా పిల్లలకు మొదటి పాఠం చెప్పేవాడు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

ఆయనకు దొరికిన బంగారం గుంతకల్లు తిప్పమ్మ. ఆమె చెల్లెలు బయమ్మ వేరే కులం వాణ్ణి చేసుకుని గార్లదిన్నె పక్క పల్లెలో కాపురం పెట్టిందని ఇంట్లోవాళ్లు ఇరవై ఏళ్ల కిందటే తెగతెంపులు చేసుకున్నారు. తిప్పమ్మ కొడుకు ఆంజి చిన్నమ్మ పేరెత్తితే ఇప్పటికీ మండిపడతాడు. అందుకని అక్కచెల్లెళ్లు మాట్లాడుకోరు. సాయంత్రం ఏడింటికి బయమ్మ ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. తిప్పమ్మ తిరిగి ఒక్క రింగిస్తుంది. బతికే ఉన్నానని అర్థం.

"రింగు రాకపోతే నేను పోయినట్టు లెక్క సార్. ఆ పొద్దు ఎవురు అడ్డమొచ్చినా వచ్చి నా మొగం చూసిపొమ్మని దానికి ఎప్పుడో చెప్పి పెట్టినా" అంది తిప్పమ్మ. శశికుమార్ ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఒక సోమవారం ఆమె పాత బటన్ ఫోను అడిగాడు, అందులోని కాల్స్ అన్నీ తన లెక్కల్లోకి ఎక్కించుకోవాలని. తిప్పమ్మ ఆ రోజు రింగు ఇచ్చేశాకే చేతిలో పెట్టింది. "రేపు ఏడు లోపల తెచ్చియ్యాలప్పా. లేకపోతే నా చెల్లెలు ఆడ గుండె పగిలి సస్తాది."

మంగళవారం డిపార్టుమెంటు మీటింగు ఎంతకీ తెమలలేదు. ఏడింటికి బల్ల మీద ఆ ఫోను ఒకసారి మోగి ఆగింది. శశికుమార్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిరిగి మోగించకపోతే ఆ పిచ్చితల్లి ఏడ్చుకుంటూ గుంతకల్లుకు పరుగెత్తుతుంది, ఆంజి వాకిట్లోనే తరుముతాడు. పైగా ఈ రింగుల మీద నాలుగు నెలలుగా తను నింపుతున్న పట్టికలో ఒక గడి ఖాళీ పడుతుంది. ఈ రెండింటిలో ఏది ముందు తోచిందో తర్వాత ఎంత తన్నుకున్నా ఆయనకు తేలలేదు. ఒక్క రింగిచ్చాడు. బుధవారం పరీక్షల డ్యూటీ పడింది. ఆ రోజూ ఇచ్చాడు. ఈసారి ఆలోచించను కూడా లేదు.

గురువారం పొద్దున గుంతకల్లులో దిగి వెళ్లేసరికి తిప్పమ్మ ఇంటి ముందు షామియానా వేసి ఉంది.

"మా యమ్మ మంగళవారం మద్దేనం కూలబడి పానం ఇడిసింది సార్" అన్నాడు ఆంజి. "నిన్న సాయంత్రం నాలుగ్గంటలకు మన్ను చేసినాం."

"మీ చిన్నమ్మకు చెప్పినారా?"

"ఆ యమ్మతో మాకేం పని?"

శశికుమార్ అక్కణ్ణుంచే గార్లదిన్నె దారి పట్టాడు. వానల్లేక మాడిన చేల మధ్య బస్సులో కూర్చుని చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ నిలవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తుంది?

బయమ్మ వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తోంది. రెండుసార్లు చూసిన మనిషే గనుక నవ్వుతూ లేచింది. "రాండి సార్. మా అక్క బాగుండాదా?"

అక్క మంగళవారమే పోయిందని, నిన్న మన్ను చేశారని ఆయన చెప్పేశాడు. ఆమె నమ్మలేదు.

"యాడిది సార్! మొన్న మోగింది. నిన్నా మోగింది."

"నేనే మోగించినానమ్మా."

తిడుతుందని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది. బయమ్మ చేతిలోని కాయలు చేటలో పోసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మొన్న మీరు మోగించినప్పుడు, ఇంగా ఇంట్లోనే పండబెట్టి ఉంటారు గదా సార్, మా అక్కను?"

"ఉంటారమ్మా."

"నాకు తెలిసింటే తెల్లారే లోపల పోయి చేరుకుందును." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "శవం ఇంట్లో ఉండంగా తోడబుట్టినోళ్లు పచ్చి నీళ్లు గూడా ముట్టరు సార్. నేను ఆ పొద్దు అక్క బాగుండాదిలే అని కడుపు నిండా తినినా."

ఆ మాట తన నోటనే విన్నాక ఆమె మొహం పాలిపోయింది. గోడ వెనక్కి పరుగెత్తి, గొంతులో వేళ్లు పెట్టుకుంది. ఎప్పటి అన్నమో కక్కాలని ఆమె పడుతున్న తిప్పలు వింటూ శశికుమార్ వాకిట్లోనే నిలబడ్డాడు. దగ్గరికి పోయి వీపు నిమరడానికి కూడా ఆయనకు మొహం చెల్లలేదు.