బురుజు రాళ్లు

ఆమెకు చిటపట అని పేరు పెట్టింది సొంత అక్కే. చిన్నప్పుడు జడ బిగుతుగా వేసినా, చెప్పు తెగినా, ఎవరైనా ఒక మాట ఎక్కువన్నా ఒకటే రుసరుస. నలభై దాటినా ఆ పేరు పోలేదు, ముక్కు మీది కోపమూ పోలేదు. సున్నపురాయి మిట్ట మీద నడకదారులు చూసుకునే పని దొరికాక మాత్రం ఆ కోపానికి కాస్త గాలీ వెలుతురూ తగిలాయి. దారికి అడ్డంపడ్డ ముళ్లకంపలు నరికేది. వానకు కొట్టుకుపోయిన మెట్లు సర్దేది. రాళ్ల మీద పసుపు రంగు బాణాలు దిద్దేది. మిట్ట లోపలంతా బోలు. నీళ్లు రాయిని తిని తిని అడుగున గుహలు, పైన నోళ్లు తెరిచిన గుంతలు మిగిల్చాయి. కొత్తవాళ్లు కాలు ఎక్కడ పెట్టాలో చెప్పేవి ఆ బాణాలే.

అక్క కింద, సందర్శకుల కేంద్రంలో కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు పటాలిచ్చి దారి చెప్పేది. నిదానస్తురాలు. చెల్లెలు ఎవరినైనా కసిరితే అక్క వెళ్లి నవ్వుతూ సర్దిచెప్పేది. అలా ఏళ్లు గడిచాయి.

ఆ వానాకాలం చిటపట కాలు మడతపడి మంచమెక్కింది. చీలమండ వాపు తగ్గి మళ్లీ మిట్ట ఎక్కేసరికి ఎండలు కాస్తున్నాయి. పూర్వం సన్యాసులు ఉండిన గుహలు దాటింది. రాతిలో తొలిచిన దిగుడుబావి దాటింది. మలుపు తిరిగితే కావలి బురుజు కనిపించాలి. తిరిగింది. బురుజు సగమే ఉంది.

ముందు వాన పని అనుకుంది. ఎప్పుడో ఎవరో సున్నం కూడా లేకుండా ఒట్టి రాయి మీద రాయి పేర్చి కట్టిన గుండ్రటి గోడ అది. భుజాల ఎత్తున ఉండేది. ఒక్కో రాయి మీద దాన్ని చెక్కినవాడి గుర్తు ఉండేది. ఒకడిది చేప, ఒకడిది నిచ్చెన, ఒకడిది నెలవంక. వాళ్ల పేర్లు ఏ రాజూ రాయించలేదు, ఆ గుర్తులే మిగిలాయి. పిల్లలతో వచ్చినవాళ్లు చేపలెన్నో నిచ్చెనలెన్నో వెతుక్కుంటూ అక్కడే పొద్దుపుచ్చేవాళ్లు. గోడ కూలితే రాళ్లు కిందే పడి ఉండాలి కదా. కింద ఏమీ లేవు. గడ్డి మీద ఏదో ఈడ్చుకుపోయిన జాడ ఉంది.

ఆ జాడ పట్టుకుని మిట్ట అంచు దాకా నడిచింది. అక్కడ, లోయ కనిపించే చోట, కొత్త అరుగు కట్టారు. అరుగు మీద కూర్చోవడానికి బల్ల, బల్ల వెనక హృదయం ఆకారంలో ఒక కమాను, అందులోంచి తల పెట్టి ఫొటో దిగేలా. అన్నీ బురుజు రాళ్లే. సందుల నిండా సిమెంటు. చేప గుర్తున్న రాయిని తలకిందులుగా పెట్టారు. దాని తోక మీద తాపీ తుడుచుకున్న మరక.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. నొప్పి కాలిని లెక్కచెయ్యకుండా దిగింది. కేంద్రంలో ఒక కుటుంబం పటం పరుచుకుని అక్కను ఏదో అడుగుతోంది. అక్క కళ్లతోనే ఆగమంది. చిటపట గోడకు ఆనుకుని పళ్లు నూరుతూ నిలబడింది. ఆ కుటుంబం గడప దాటగానే తలుపు వేసింది.

"బురుజు ఎవరు విప్పమన్నారు?"

అక్క తల దించుకోలేదు. పట్నం నుంచి పెద్దసారు వచ్చాడని, పక్క కొండ మీద ఫొటోలకు చోటుంది కాబట్టి జనం అటే పోతున్నారని, ఇక్కడా అలాంటిది కట్టకపోతే కేంద్రం మూసేస్తామన్నాడని చెప్పింది. లారీ పైకి రాదు, రాళ్లు పైనే చూసుకోండి అన్నది కూడా ఆయనేనట.

"చూపించింది ఎవరు?"

"నేనే. ఎలాగూ ఒరిగిపోతున్న గోడ కదా అనుకున్నా. ఇది మూసేస్తే నువ్వెక్కడికి పోతావు, నేనెక్కడికి పోతాను?"

ఆ మాటతో చిటపటకు ఇంకా మండింది. నా పేరు చెప్పి చేశావా, నేను అడిగానా అని నోటికొచ్చినట్టు అనేసింది. మంచాన ఉన్నప్పుడు రోజూ వచ్చి కాలికి కాపడం పెట్టిన మనిషి, ఒక్కసారైనా ఈ మాట ఎత్తలేదెందుకని నిలదీసింది. ఎత్తితే ఏం చేసేదానివో తెలుసు కాబట్టే ఎత్తలేదంది అక్క. ఆ జవాబు నిజం కావడమే ఆమె తట్టుకోలేకపోయింది.

ఆదివారం పెద్దసారు రిబ్బను కత్తిరించడానికి వస్తున్నాడు. ఆ ఉదయం చిటపట గునపం, సుత్తి, ఉలి తీసుకుని అందరికంటే ముందు పైకి వెళ్లింది. కమాను మొదటి దెబ్బలకే ఊగింది. ఒక్కో రాయీ పెళ్లగించి గడ్డి మీదికి దొర్లించింది. ఎక్కివస్తున్న నడకవాళ్లు దూరంగా ఆగిపోయారు. ఫోను పట్టుకుని ముందుకొచ్చిన ఒకాయన, ఫొటో తీసుకున్నాక విరగ్గొట్టకూడదా అన్నాడు. ఆమె చూసిన చూపుకు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నెలవంక రాయి చేతికొచ్చింది. మొహం నిండా సిమెంటు. అంచున ఉలి ఆనించి కొట్టింది. సిమెంటు పెచ్చుగా ఊడింది, దాంతోపాటు రాయి పొరా ఊడింది. కింద తెల్లటి పచ్చి సున్నపురాయి. నెలవంక లేదు. పెచ్చును తిప్పి చూసింది, వేళ్ల మధ్యే పొడైపోయింది.

ఉలి కింద పెట్టేసింది. ఎన్ని వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన గుర్తో, దాన్ని తుడిచేసింది సిమెంటు పూసినవాళ్లు కాదు. తన చెయ్యే. కోపమంతా ఒక్కసారి ఆ చేతిమీదికి మళ్లింది.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. మోకాళ్ల నొప్పితో ఏళ్లుగా మిట్ట ఎక్కనిది, రొప్పుతూ, చెమటలు కక్కుతూ వచ్చింది. తిట్టడానికే వచ్చినట్టుంది. చెల్లెలి ఒడిలో ఆ రాయిని చూసి, వంగి దాని మీది పొడి తుడిచింది.

వెనకే పెద్దసారు, ఆయన మనుషులు. కూలిన అరుగు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. ఎవరు చేశారని గద్దించాడు. అప్పుడు గుంపులో ఎవరో, ఇవి పాత బురుజు రాళ్లట కదండీ అన్నారు. ఆయన గొంతు వెంటనే మారిపోయింది. బురుజు ముట్టుకొమ్మని తానెప్పుడూ చెప్పలేదన్నాడు, ఇక్కడి సిబ్బంది బుద్ధిలేని పని అన్నాడు.

అక్కకు కోపం రావడం చిటపట అప్పటిదాకా చూడలేదు. అది కేకలతో రాలేదు.

"రాళ్లు చూపించింది నేనే సార్. ఆ తప్పు నాది, ఎవరి మీదా నెట్టను. పైనే చూసుకోమన్నది మీరు. నా కౌంటరు ముందు నిలబడి, నేనిచ్చిన టీ తాగుతూ అన్నారు. ఇంతమందిలో కాదంటారా?"

ఆయన వాచీ చూసుకున్నాడు. తర్వాత మాట్లాడదాం అన్నాడు. రిబ్బను డబ్బాలోనే ఉండిపోయింది.

తర్వాత మాట్లాడింది ఏమీ లేదు. నెల తిరక్కుండా అక్కను పట్నంలో, కిటికీ కూడా లేని గోదాము ఆఫీసుకు మార్చారు. పెద్దసారు కుర్చీ కదల్లేదు. పాత కట్టడాల బాగోగులు చూసే శాఖవాళ్లు వచ్చి, సిమెంటు పట్టిన రాళ్లను ఎవరూ గీకొద్దని, దానికి తెలిసినవాళ్లు రావాలని చెప్పి, బురుజు పక్కన కుప్పపెట్టించి తాడు కట్టి వెళ్లారు. ఆ తెలిసినవాళ్లు ఇంకా రాలేదు. జనం తాడు అవతల నిలబడి, ఆ కుప్ప ఏమిటని అడుగుతారు. చిటపట చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ గొంతు లేస్తుంది. పెద్దసారు చేసింది, అక్క చేసింది, తాను చేసింది, ఏదీ దాచదు.

సెలవు దొరికిన ఆదివారాల్లో అక్క బస్సెక్కి వస్తుంది, కాళ్లీడ్చుకుంటూ పైకి ఎక్కుతుంది. ఎందుకంత అవస్థ, కిందే కూర్చోరాదా అని చెల్లెలు కసురుతుంది. అక్క పట్టించుకోదు. మొన్న వచ్చినప్పుడు, గుంత పక్కన కొత్త బాణం వేస్తున్న చెల్లెలి దగ్గర కూలబడి, నా మీద కోపం ఇంకా పోలేదు కదా అంది.

"పోలేదు," అంది చిటపట, రంగు డబ్బా మీద నుంచి తల ఎత్తకుండానే. "ఆ డబ్బా కాస్త పట్టుకో, ఒలికిపోతోంది."