చేప పళ్ళెం ముందు అన్న మాట

మా తమ్ముడు వాల్ట్‌కి కొత్త అల్లుడు వచ్చిన దగ్గర్నుంచీ నాకు తిన్నది ఒంటబట్టడం లేదు. పేరు కోల్బీ, ఊరు ఎడారిలో ఉన్న ఫీనిక్స్. మంచు అంటే ఫ్రిజ్‌లో చూడడమే. అలాంటివాడు మా బఫలోకి కాపురానికి వచ్చి, వాల్ట్ ఇంటి ముందు మంచు తోసే యంత్రం ఒకటి బాగుచేశాడో లేదో, మావాడు వాడి బుట్టలో పడిపోయాడు. ఇక ఫోను ఎత్తితే చాలు, కోల్బీ ఇలా అన్నాడు, కోల్బీ అలా చేశాడు.

అదీ సరిపెట్టుకునేదాన్నే. కానీ డిసెంబరులో మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటకి స్టేడియంలో నా సీట్లో వాణ్ణి కూర్చోబెట్టాడు. పాపం ఎప్పుడూ చూడలేదక్కా, ఈ ఒక్కసారికీ అన్నాడు. ఆ రోజు టీవీలో ఆట చూస్తూ స్కోరెంతో కూడా నాకు పట్టలేదు. జనం మీదికి కెమెరా తిరిగినప్పుడల్లా ఆ ఇద్దరి కోసం వెతుక్కున్నాను.

స్టేడియంలో ఆ రెండు సీట్లూ నాన్నవి. నాన్న పోయాక టికెట్లు వాల్ట్ పేరుకి మారాయి, నాన్న సీట్లోకి నేను వచ్చాను. ఊరి పక్క సరస్సు మీంచి గాలి కొడుతుంటే ఒకే దుప్పటి ఇద్దరం మోకాళ్ళ మీద కప్పుకుని, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగుతూ అరుస్తాం. నాకు మొగుడా, పిల్లలా? బతుకంతా స్కూలు బస్సు నడిపి రిటైరైనదాన్ని. నాకంటూ మిగిలింది ఆ సీటూ, పక్కన వాడూ. ఏటా వసంతంలో, ఆ ఏడాది ఆటలన్నిటికీ టికెట్లు మళ్ళీ రాయించుకోవాలి. ఈసారి వాల్ట్ ఫోన్లో, సీట్ల సంగతి శుక్రవారం మాట్లాడదాం అక్కా అని నసిగాడు. ఇంకేముంది, నా సీటు పోయిందనుకున్నాను.

ఈస్టరు ముందు తపస్సుకాలంలో శుక్రవారాలు మేం మాంసం ముట్టం. ఫైరింజన్లు ఉండే ఫైర్‌హాల్‌లో ఊరందరికీ పెట్టే వేయించిన చేప తింటాం. ఊరి జట్టు ఏ రిసీవర్ని తెచ్చుకోవాలో మా ఇంట్లో తేలేది ఆ బల్ల దగ్గరే. విసిరిన బంతిని పరుగెత్తి పట్టేవాడు రిసీవర్. మార్చిలో పాత జట్టుతో ఒప్పందం తీరిన వాళ్ళు ఎటైనా వెళ్ళొచ్చు. మేం చెప్తే జట్టువాళ్ళు వింటారా, పెడతారా? అయినా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. చేప పళ్ళెం ముందు ఎవరి పేరు చెప్తే, ఆ ఏడాదంతా ఆ ఆటగాడికే కట్టుబడాలి. మాట మార్చినవాడికి ఆ బల్ల దగ్గర చోటు లేదు. ఒక ఏడాది నాన్న తను చెప్పినవాడు ఇంకో జట్టుకెళ్ళి మా మీదే ఆడి గెలిస్తే, పళ్ళు కొరుక్కుంటూ చప్పట్లు కొట్టాడు.

ఈసారి ఇద్దరున్నారు. బ్రాక్‌మన్ ముప్పై దాటినవాడు, పరుగు నిదానం, కానీ చేతికి తగిలిన బంతి జారదు. వైలీ కుర్రాడు, గాలిలా పోతాడు, చలి పడితే మాత్రం బంతి వదిలేస్తాడు. చలికాలమంతా ఫోన్లో వాల్ట్ బుర్ర తిన్నాను. బ్రాక్‌మన్‌రా, బ్రాక్‌మన్ తప్ప ఇంకొకడు వద్దురా అని.

పళ్ళేలు వచ్చాయి. నేను నిమ్మకాయ పిండుకుంటున్నాను, ఇంతలో కోల్బీ గొంతు సవరించుకున్నాడు.

"బ్రాక్‌మన్ అండీ. సరస్సు గాలిలో కాళ్ళతో పనేముంది, చేతులుండాలి గానీ."

అది నా మాట. అచ్చంగా నా మాట. బల్ల అవతల చేపలు వడ్డించే జీన్, ఓరి నీ, ఫీనిక్స్‌వాడికి బఫలో బుర్ర వచ్చిందే అని వాడి వీపు తట్టాడు. నా మేనకోడలు రెనే మొగుడి వంక మురిపెంగా చూసింది. వాల్ట్ కూడా నవ్వుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా సీటు చాల్లేదు, నా మాట కూడా కావాల్సి వచ్చిందా వీడికి?

"వైలీ," అన్నాను.

వాల్ట్ ఫోర్కు ఆగిపోయింది. "అక్కా, ఆలోచించుకునే అంటున్నావా?"

ఆలోచనా? నలభై మంది పిల్లల గోల మీద గొంతెత్తి అరిచిన బస్సు డ్రైవర్ని. ఎత్తుకున్నాను. ముసలాడు చేతులు చాచేలోపు ఆట అయిపోతుందన్నాను. గాలి గాలి అని జడిసేవాళ్ళు ఎడారికే పోవచ్చన్నాను. కుర్రాడికి చలి అలవాటు చేస్తే అవుతుంది, ముసలాడికి పరుగు ఎవడు నేర్పుతాడన్నాను. పక్క బల్లలవాళ్ళు కూడా నావైపు తిరిగారు. జీన్ చటుక్కున ప్లేటు ఫిరాయించాడు. కోల్బీ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి, మామగారి మొహం చూసి, తల దించుకుని క్యాబేజీ కెలుక్కున్నాడు. గెలిచాను. ఆ చేప అంత రుచిగా ఎప్పుడూ లేదు.

రెనే, కోల్బీ కార్లు తీయడానికి వెళ్ళాక వాల్ట్ లేవలేదు.

"వాడు క్రిస్మస్ నాడు అడిగాడక్కా, లొరెయిన్ అత్తయ్యకి నేనంటే గిట్టట్లేదు, ఏం చేస్తే ఇష్టపడుతుందీ అని. నువ్వు ఫోన్లో అన్నవన్నీ వాడికి చెప్పాను. పాపం కంఠతా పట్టాడు. నువ్వు మెచ్చుకుంటావని ఆశపడ్డాడు."

మిగిలిన చేపముక్క పక్కకి నెట్టాను. అయినా నా నోరు ఊరుకుంటుందా? "అయితే ఇప్పుడు నా సీటు వాడికిచ్చేస్తావు. ఆ ముక్క చెప్పడానికేగా పిలిచావు?"

"నీ సీటు ఎక్కడికీ పోదక్కా. అది నాన్నది. పోయేది నాది."

అప్పుడు చూశాను. బల్ల అంచు పట్టుకుని లేస్తున్నాడు. తుంటి ఎముక అరిగిపోయిందట, ఆపరేషన్ చేసినా ఆ స్టేడియం మెట్లు ఎక్కొద్దన్నారట. డిసెంబరు ఆటకి కోల్బీని తీసుకెళ్ళింది ఆ చలికి తట్టుకుంటాడో లేదో చూడడానికట.

"నీ పక్కన ఊరూపేరూ తెలియనివాడు కూర్చుంటే నేను భరించలేను. వాడైతే నీ దుప్పటి సర్దుతాడు."

"నాకు వాడెందుకురా?" అన్నాను. "నువ్వు కావాలి గానీ."

వాల్ట్ నా భుజం మీద చెయ్యేసి కారు దాకా నడిచాడు. ఎంత బరువు మోపాడో భుజానికి తెలిసింది.

సోమవారం మా జట్టు బ్రాక్‌మన్‌ని తీసుకుంది. వైలీ ఎక్కడికో పడమటికి పోయాడు. చలికాలమంతా నేను కోరుకున్నవాడు వచ్చాడు, సంతోషించే హక్కు నాకు లేదు. పద్ధతి పద్ధతే, వైలీ అన్నాక వైలీకే కట్టుబడాలి. సెప్టెంబరులో ఆటలు మొదలైన దగ్గర్నుంచి బ్రాక్‌మన్ బంతి పట్టినప్పుడల్లా తమ్ముడి సీట్లో ఆ అల్లుడు లేచి నా మాటలతో అరుస్తాడు, నేను దుప్పటి కప్పుకుని నోరు మూసుకుని కూర్చోవాలి.

ఇలాంటి కబురు తెలిస్తే ముందు వాల్ట్‌కి ఫోన్ చేసేది నేనే, ఎప్పుడూ. చేశాను. ఎంగేజ్. కాసేపాగి మళ్ళీ చేశాను. ఇంకా ఎంగేజే. నాకంటే ముందే ఫోన్ చేసి అవతల మాట్లాడుతున్నదెవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.