కాలర్ల కట్ట

కుట్టు షెడ్డులో ఆమెను అందరూ కాలరమ్మ అంటారు. చేతులూ జేబులూ ఎవరైనా చకచకా కుట్టేస్తారు. కాలరు దగ్గరికొచ్చేసరికి సూది మొరాయిస్తుంది. అందుకే ఏళ్ల తరబడి కాలర్లన్నీ ఆమె బల్ల మీదికే చేరేవి. ఆమె నిదానంగా కుట్టబట్టే మిగతావాళ్ల మిషన్లు పరుగెత్తేవి.

కొత్త మేనేజరుకు ఇదేమీ పట్టలేదు. అందరూ కుట్టిన ముక్కల లెక్క కూడి, మనుషుల సంఖ్యతో భాగించాడు.

"యావరేజ్ కంటే తక్కువ కుట్టినవాళ్లు సోమవారం నుంచి రానక్కర్లేదు. పేర్లు చదువమ్మా," అంటూ లెక్కలు చూసే అమ్మాయికి కాగితం అందించాడు.

తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ అమ్మాయి. కాగితంలో మొదటి పేరు కాలరమ్మది, అంటే వాళ్లమ్మది.

"చదివెయ్యవే. నాతోపాటు నీ ఉద్యోగానికీ ఎసరు తెచ్చుకోకు," అని గొణిగింది తల్లి.

అమ్మాయి కాగితం మడిచింది. "సార్, యావరేజ్ అనే మాట ఎక్కడిదో తెలుసా?"

"ఇప్పుడు అదెందుకు?"

"పాడైన సరుకుకు అరబ్బీలో ఉన్న మాట నుంచి వచ్చిందంటారు. తుఫానులో ఓడ మునగకుండా కొందరి మూటలు సముద్రంలో పడేసేవాళ్లు. ఒడ్డు చేరాక ఆ నష్టాన్ని సరుకున్నవాళ్లందరూ తలా కాస్త భరించేవాళ్లు. ఆ పంపకం నుంచే ఈ లెక్క పుట్టింది. మూట పోయినవాణ్ని కూడా నీళ్లలోకి తొయ్యమనలేదు సార్."

గుండీలు కుట్టే పిన్ని కిసుక్కున నవ్వింది. "ఓడ సంగతి దేవుడెరుగు, ఇక్కడ ఫ్యానే తిరగదు కదే!"

"కథ బాగుంది. ఇక చదువు," అన్నాడు మేనేజరు.

"చదవను." కాగితం తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే నువ్వూ దయచెయ్యి."

"వెళ్తాను. పంపకం చేసి వెళ్తాను."

వాళ్లమ్మ బల్ల మీది కాలర్ల కట్ట విప్పి, అమ్మాయి బల్ల బల్లకీ కొన్ని పెట్టుకుంటూ పోయింది. జేబులు కుట్టే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నా స్పీడు పోతుందే తల్లీ!"

"ఇన్నాళ్లూ మా అమ్మది పోలేదా అక్కా?"

పిన్నే ముందుగా చెయ్యి చాచింది. "ఇటు పడెయ్యి. నా వంతు నేను కుట్టుకోలేనా?"

అక్క కూడా చెయ్యి తీసేసింది. కాసేపటికి షెడ్డంతా కాలర్లే. మిషన్లు ఆగి ఆగి నడుస్తున్నాయి. జేబులు లేవు, చేతులు లేవు, చొక్కా పూర్తయ్యే దారే లేదు.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "సాయంత్రం లారీ వస్తుంది! ఎవరి పని వాళ్లు చెయ్యండి!"

కాలరమ్మ మిషను మీంచి కాలు తీసి లేచి నిలబడింది.

"మా పనే చేస్తున్నాం బాబూ. ముందు ఆ కాగితం చింపండి. లారీ సంగతి తర్వాత."