తపాలా కచేరీ మెట్లు

పదకొండో మెట్టు దగ్గర కాపలాదారు నూనెగుడ్డను మళ్లీ తడిపాడు. పొద్దున్నే పంతొమ్మిది టేకు మెట్లూ తుడవడం అతనికి ఇరవై ఆరేళ్ల అలవాటు. ఒకప్పుడు తపాలా కచేరీ నడిచి, ఇప్పుడు జనం చూడ్డానికొచ్చే చిన్న మేడ అది. రెండు మూరల మందం సున్నపు గోడలు, ఉత్తరాలు వేరుచేసిన నూటపది చెక్కగూళ్లు, పై గదిలో ఒక గుండ్రటి కిటికీ. ఏ తలుపు వానకు ఉబ్బుతుందో, ఏ దూలం వెనకటి అగ్నిప్రమాదం తర్వాత మార్చిందో అతను తట్టి చెప్పగలడు.

అవన్నీ అక్క మొగుడికి నేర్పింది అతనే. బడిపంతులుగా రిటైరైన బావకు ఇంట్లో తోచడం లేదంటే, సందర్శకులకు మేడ చరిత్ర చెప్పే పనిలో పెట్టించిందీ అతనే. మూడేళ్లలో బావ పేరు మోగిపోయింది. జనం ‘మాష్టారూ’ అంటూ మూగి ఫొటోలు దిగేవారు. కాపలాదారును మాత్రం మరుగుదొడ్డి ఎటని అడిగేవారు. మీ బావ మాట్లాడితే ఆ పాత గోడలకు ప్రాణమొస్తుందిరా అని అక్క మురిసిపోతుంటే అతనికి ముద్ద దిగేది కాదు. ఆ గోడల పగుళ్లు పూడ్చిందెవరట?

ఆ రోజు బావ ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చాడు. గోడకు చేరబడ్డాడు.

“బామ్మర్దీ, ఇవాళ్టికి నువ్వు చెప్పు. ఆయాసంగా ఉంది.”

ఎవరూ లేనప్పుడు ఆ చెక్కగూళ్ల ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో అదంతా! కానీ తను తడబడితే చూసి నవ్వడానికే అడుగుతున్నాడనిపించింది.

“నాకెందుకు బావా. చప్పట్లు అలవాటైంది నీకు. నువ్వే కానివ్వు.”

బావ గోడను వదిలి, పన్నెండుమంది సందర్శకులను వెంటబెట్టుకుని పైకెళ్లాడు.

కింద గూళ్లు తుడుస్తున్నా అతని చెవులు పైనే ఉన్నాయి. మంటల్లో చిక్కిన గుమాస్తా ముందు ఉత్తరాల సంచులు కిటికీలోంచి విసిరి, ఆ తర్వాతే తాను దూకాడని చెబుతున్నాడు బావ. కిటికీ చట్రం మీద మాడిన మచ్చ చూపిస్తున్నాడు. దాన్ని కనిపెట్టింది తను. ఆ మాట బావ నోట రాలేదు. చప్పట్లు మోగాయి. అతను తుడిచిన గూడే మళ్లీ తుడిచాడు.

ఆపైన మాట వినబడలేదు. కాసేపటికి సందర్శకుల్లో ఒకావిడ దిగివచ్చింది.

“మాష్టారు బెంచీ మీద కూర్చునే కళ్లు మూసుకున్నారండీ. పిలిస్తే పలకడం లేదు.”

రెండేసి మెట్లెక్కి పరుగెత్తాడు. బావ తల గోడకు ఆని ఉంది. పట్టుకుంటే బావ వేళ్లు చల్లగా తగిలాయి. డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు.

కబురందుకుని వచ్చిన అక్కను బావ పక్కనే అంబులెన్సు ఎక్కించి, తాళం వేయడానికి వెనక్కి వచ్చాడు. పొద్దున తను తుడిచిన మెట్ల నిండా సందర్శకుల బూట్ల మట్టి. అక్కడ బూట్లు విప్పమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మొదటి మెట్టు పక్కన, గోడవారగా, బావ విప్పి పెట్టి వెళ్లిన చెప్పుల జత.