పడుగుల బీడు తీర్మానం

మా పంచాయతీలో సంతకాలు ముందు, సంగతి తర్వాత. ఈ పద్ధతి పెట్టింది పంచాయతీ గుమాస్తానైన నేనే. మెంబర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. ఒకరికి నాట్లుంటాయి, ఒకరికి పెండ్లి ఉంటుంది, ఇంకొకరు నల్లగొండ కచేరీలో వాయిదాకు పోయి ఉంటారు. అందుకని మీటింగు పేరు చెప్పి ఎవరు కనబడితే వారిచేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని, పైన అర పేజీ వదిలిపెట్టి, సర్పంచ్ చెప్పిన తీర్మానాలు తర్వాత తీరిగ్గా నింపేవాణ్ణి. పంతులు పని అంటే పని అని అందరూ మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చిట్యాలకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న చిన్న బస్తీ మాది. పంచాయతీలో ఒక్క ఆడమనిషైనా ఉండాలని చట్టం వచ్చింది కనుక, పద్మశాలి వాడ నుంచి ఆండాళును మెంబరుగా పెట్టారు. ఆమె భర్త సిద్దయ్య మగ్గం నేస్తాడు. ఆమె రాట్నం తిప్పుతుంది, కండెలు చుడుతుంది. మెంబరైన రెండేళ్లలో ఒక్కసారీ ఆఫీసు గడప తొక్కలేదు. తొక్కమని పిలిచినవాడూ లేడు. పుస్తకం, సిరా డబ్బా పట్టుకుని నేనే వాళ్లింటికి పోయేవాణ్ణి. ఆమె రాట్నం ఆపి, బొటనవేలు కొంగుకు తుడుచుకుని ముద్ర వేసేది. వేసే ముందు ప్రతిసారీ అడిగేది.

"గిండ్ల ఏమున్నది పంతులూ?"

"ఏముంటదమ్మా, వీధి దీపాలు, మోరీలు."

"మంచిదే. మోరీలు తియ్యాలె. దోమలు సంపుతున్నయి."

ఈ గొడవంతా తెచ్చిన ముద్ర వేసిన రోజు కూడా ఇదే అడిగింది, నేనూ ఇదే చెప్పాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అప్పటికి ఆ అర పేజీలో ఏం వస్తుందో నాకూ తెలియదు.

ఆ వాడ చివరి ఇంటి నుంచి సడక్ దాకా, రెండు వరుసల వేపచెట్ల మధ్య, పొడవాటి జాగా ఒకటి ఉంది. దాన్ని పడుగుల బీడు అంటారు. ఎండ ముదరక ముందే అక్కడ మగ్గానికెక్కే నిలువు పోగులను, నలభై గజాల పడుగుగా సాచి, వెదురు కర్రల మీద బిగించి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతారు. గంజి ఆరేలోగా దువ్వడం అయిపోవాలి. లేదంటే పోగుకు పోగు అంటుకుని, గంజి వదిలించి మళ్లీ మొదటినుంచి చెయ్యనిదే అది మగ్గం ఎక్కదు. ఇద్దరివల్ల ముగ్గురివల్ల అయ్యే పని కాదు, ఏడెనిమిది మంది కావాలి. అందుకే ఈ రోజు నీ పడుగుకు నేనొస్తాను, రేపు నా పడుగుకు నువ్వు రా అన్నట్టు వాడ వాడంతా ఒకరికొకరు చేతులేస్తారు. కూలి మాట ఎత్తరు. పది గంటలయ్యేసరికి పడుగులు చుట్టుకుని ఇండ్లలోకి పోతారు. ఆ తర్వాత ఆ బీడులో మేకలు తప్ప ఏమీ కనబడవు.

మన ఆఫీసర్లు వచ్చేది పదకొండు గంటలకు.

బస్‌స్టాండుకు జాగా చూడడానికి బ్లాకు ఆఫీసరు జీపులో వచ్చింది కూడా సరిగ్గా ఆ వేళకే. "ఇంత మంచి స్థలం ఖాళీగా పడి ఉందేమయ్యా!" అన్నాడు. సర్పంచ్ పాపిరెడ్డి, "ఖాళీదే సార్, సర్కారుదే" అన్నాడు. నేను "ఖాళీ స్థలము" అని కాగితం మీద రాసుకున్నాను. నా ఇల్లు ఆ సందు మూల మీదే ఉంది. పదిహేనేళ్లుగా రోజూ ఆ కుంచెల చప్పుడుకే నిద్ర లేస్తున్నవాణ్ణి. అయినా రాశాను.

జీపు పోయాక పాపిరెడ్డి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పంతులూ, ఆండాళమ్మ ప్రతిపాదించిందని రాయి. వాళ్ల మనిషే అడిగిందంటే వాడోళ్లు ఇగ నోరెత్తరు."

"ఆమె అడగలేదు కదా పటేలా?"

"ఏలిముద్ర ఉన్నదా లేదా?"

ఉంది. కింద ముద్ర ఉంది, పైన జాగా ఉంది. శ్రీమతి ఆండాళుగారు ప్రతిపాదించగా సభ్యులు ఏకగ్రీవముగా ఆమోదించిరి అని రాసేశాను. నాకు ఈ నౌకరి ఇప్పించింది పాపిరెడ్డే.

శనివారం చాటింపు వేసే పెద్దులు డప్పు కొడుతూ ఊరంతా తిరిగాడు. "సోమారం పదకొండు గొట్టంగ పంచాయతీ ఆఫీసుల మీటింగు! బ్లాకు ఆఫీసరు వస్తుండు! పద్మశాలి వాడ కాడి ఖాళీ జాగ బస్‌స్టాండుకు ఇచ్చుడు ఖాయం జేస్తరు!" ఆ డప్పు వెనకే, ఆండాళే అడిగి మరీ ఇప్పిస్తున్నదట అన్న మాట కూడా తిరిగింది. అది ఎవరు తిప్పారో నేను చెప్పనక్కరలేదు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు హాజరు ముద్ర కోసం పుస్తకం పట్టుకుని బయలుదేరాను. బీడులో సిద్దయ్య పడుగు సాచి ఉంది. ఈ కొసన సిద్దయ్య, నడుమ కుంచెతో ఆండాళు. ఇంకెవరూ లేరు. ఎదురింటి అరుగు మీద సిద్దయ్య తమ్ముడు వెంకటనర్సు కాలు మీద కాలేసుకుని బీడీ తాగుతున్నాడు. మిగతా ఇండ్ల తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. ఆండాళు ఒక బారెడు దువ్వి ముందుకు పోయేసరికి వెనక బారెడు ఆరిపోతోంది. మళ్లీ వెనక్కు పరుగెత్తుతోంది. సిద్దయ్య తల ఎత్తడం లేదు. నేను అక్కడి నుంచి మెల్లగా జారుకుందామనుకున్నాను.

"పంతులూ, జర ఆగు." కుంచె కింద పెట్టి వచ్చింది. ఆమె మోచేతుల దాకా గంజి. "నా ఏలిముద్ర మీద ఏం రాసినవ్?"

నేను నీళ్లు నమిలాను. "బస్‌స్టాండు సంగతమ్మా…"

"నేనే అడిగిన్నంట గద. నా మరిది నా మొఖం మీదనే అన్నడు. నువ్వు మోరీలని చెప్పలేదా?"

"చెప్పిన."

"మరి గా మాట ఇయ్యాల మీటింగుల చెప్పు. గంతే. జాగ పోతదో ఉంటదో గది సర్కారోళ్ల ఇష్టం. నా వాళ్లు నా పడుగు ముట్టకుంటే నేను గీ వాడల ఎట్ల బతకాలె?"

"నా నౌకరి పోతదమ్మా."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. తిరిగి పడుగు వైపు చూసింది. అప్పటికి సగం పడుగు కట్టెలా బిగుసుకుపోయింది.

"పుస్తకం తీస్కపో. ఇయ్యాల నేనే వస్త," అంది.

వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పదకొండుకు ముందే వచ్చి గుమ్మం లోపల నిలబడింది. గదిలో ఉన్న కుర్చీలన్నీ మగవాళ్లవే. ఎవరూ లేవలేదు, నేనూ లేవలేదు. కిటికీల బయట వాడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. వాళ్లలో వెంకటనర్సు ముందున్నాడు.

"ఆండాళమ్మా, నీకెందుకు గీ తక్లీఫు? పుస్తకం ఇంటికే వస్తుండె గద," అన్నాడు పాపిరెడ్డి. మెంబర్లు నవ్వారు.

ఆమె ఎవరని ఆఫీసరు అడిగాడు. చెప్పారు. ఆయన నా పుస్తకం వైపు చూసి, ముఖం ఇంత చేసుకుని, "ఓహో, ప్రతిపాదించింది ఈమేనా! శభాష్ తల్లీ! ఆడవాళ్లలో ఇంత ముందుచూపు ఉన్న ఊరిని నేను చూడలేదు," అన్నాడు. మంచివాడే, మనసులో ఏమీ లేకుండా అన్నాడు. కిటికీ దగ్గర గుసగుస లేచింది.

"సార్, నేను అన్లే." ఆమె గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వేసింది. "మోరీలని చెప్పి ముద్ర ఏయించుకున్నరు. కావాల్నంటే పంతుల్ని అడుగుండ్రి."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా? ఈమె ప్రతిపాదించిందా, లేదా?"

లేదు అనాలి. ఒక్క మాట. ఆ గదిలో అందరికీ తెలిసిన మాటే. పాపిరెడ్డి కిళ్లీ నమలడం ఆపి నన్నే చూస్తున్నాడు.

"రాసి ఉంది సార్," అన్నాను.

"రాసి ఉంటే మరి ఈ గొడవేమిటి?" ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. చేతులెత్తమన్నాడు. మగవాళ్ల చేతులన్నీ లేచాయి. "నీ ప్రతిపాదనకు నువ్వే అడ్డమా తల్లీ?" అని ఆయన నవ్వితే అందరూ నవ్వారు. తీర్మానం ఖాయమైంది.

ఆండాళు నా వైపు చూసింది. "రాసింది నువ్వే గద పంతులూ," అని మాత్రం అంది, ఎవరికీ వినబడనంత మెల్లగా. తర్వాత బయటికి నడిచింది. బయట ఉన్న వాడవాళ్లు ఆమెకు తోవ ఇచ్చారు. తోవ ఇవ్వడం కాదు అది, ఆమె కొంగు తమకు తగలకుండా జరగడం. సాయంత్రానికల్లా ఆఫీసరు మనుషులు బీడు చుట్టూ సున్నం గీతలు గీశారు.

మర్నాడు పొద్దున చూస్తే, పాడైన పడుగును నీళ్లలో నానబెట్టి, పాత గంజి వదిలించి, ఆ మొగుడూ పెళ్లాలు మళ్లీ సాచారు. మళ్లీ ఇద్దరే. నాకేమనిపించిందో చెప్పలేను. గబగబా పోయి ఆ కొసన వెదురు కర్ర పట్టుకున్నాను.

"వదులు," అంది ఆండాళు.

"ఒక చెయ్యి వేస్తానమ్మా."

"నీకు రాదు పంతులూ. నువ్వు గుంజితే పోగులు తెగుతయి." నా చేతిలోంచి కర్ర తీసుకుంది. "నువ్వు చెయ్యాల్సింది గిక్కడ లేదు. నిన్న చెప్పని మాట పోయి చెప్పు. గా ఇంట్ల చెప్పు, గా ఇంట్ల చెప్పు. ఇల్లిల్లు తిరుగు."

వెంకటనర్సు అరుగు ముందుకు పోయి నిలబడ్డాను. నన్ను చూసి పక్కిండ్ల వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఈసారి నీళ్లు నమల్లేదు.

"మీ వదినె ఏమీ అడగలేదు. మోరీల సంగతని చెప్పి నేనే ముద్ర వేయించుకున్నాను. ప్రతిపాదించిందని సర్పంచ్ రాయమంటే రాశాను. ఆమె తప్పు గింజంత లేదు."

వెంకటనర్సు బీడీ పారేశాడు. అన్న వైపు చూశాడు, వదినె వైపు చూశాడు. శనివారం నుంచి ఆ ఇంటి వైపు చూడని మనిషి అలా చూస్తుంటే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తర్వాత నా వైపు తిరిగాడు.

"గీ మాట నిన్న ఆఫీసరు ముంగట అంటే మా జాగ దక్కునేమో గద పంతులూ? ఇయ్యాల మా అరుగు ముంగటికొచ్చి అంటున్నవ్. మేమేం చేసుకోవాలె దీన్ని?"

నేను తల దించుకున్నాను. నౌకరి సంగతి చెబుదామనుకుని, సిగ్గేసి మానేశాను.

అతను ధోతి ఎగగట్టి అరుగు దిగాడు. పక్కింటి ఉప్పలమ్మ కుంచె తెచ్చింది. ఇంకొకరు, ఇంకొకరు వచ్చారు.

"వదినె, ఆ కొస నాకియ్యి. గంజి సల్లగైంది, మల్ల కాసుకరాపో," అన్నాడు వెంకటనర్సు. ఆండాళు కర్ర అతని చేతికిచ్చి, కొంగుతో ముఖం కప్పుకుని ఇంట్లోకి పోయింది. సున్నం గీతలు తొక్కుకుంటూ ఎనిమిది మంది పడుగుకు అటూ ఇటూ నిలబడ్డారు. కుంచెలు తీసుకుని ఇంకా ఇద్దరు ముగ్గురు సందులోంచి వస్తున్నారు. నేను వాళ్లకు అడ్డంగా ఉన్నాను. పక్కకు జరిగి తోవ ఇచ్చాను. వాళ్ల కోసం నేను చేసింది అంతవరకే.