గాలికి కిరాయి

కస్టమ్స్ ఆఫీసు ఉత్తరం చదవడం పూర్తికాగానే మేస్త్రీ చేతిలోని ఉలిని బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీసి, ఈసారి చెయ్యి అందనంత దూరంలో పెట్టాడు. కోపం వస్తే ముందు పదునైనవి దూరం పెట్టుకోమని పెళ్లైన కొత్తలో భార్య నేర్పిన పాఠం అది. ముప్పై ఏళ్లుగా గిటార్లు బాగుచేస్తున్న ఆ చేతులకి పది వేళ్లూ మిగిలాయంటే ఆ పాఠం పుణ్యమే.

"పెట్టె వచ్చి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులట," అన్నాడు. "ఓసారి విమానం ఆలస్యమన్నావు. ఓసారి అక్కడ మంచు పడుతోందన్నావు. నిన్నగాక మొన్న సమ్మె అన్నావు. ఏరా, ఆ సమ్మె చేస్తున్నదెవరు, నువ్వేనా?"

మూల కంప్యూటర్ ముందు కూర్చున్న బావమరిది తల తిప్పలేదు. విదేశాల నుంచి గిటారు సామాను తెప్పించే కాయితాల పనంతా అతనిదే. దిగుమతి లైసెన్సు కూడా అతని పేరు మీదే ఉంది. ఫారాలు నింపడమంటే మేస్త్రీకి ఒళ్లుమంట.

"చెబుదామనే అనుకున్నాను బావా. ఇవాళో రేపో ఆ కాయితం వచ్చేస్తుందని..."

"ఏ కాయితం?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. పెట్టెలో టీచరుగారి గిటారుకి చేయించిన కొత్త మెడ, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడుగు కర్ర, దాంతోపాటు నాలుగు పొట్లాల సముద్రపు చిప్పలు కూడా ఉన్నాయి. గిటారు మెడ మీద మెరిసే చుక్కలు పొదగడానికి వాడే చిప్పలవి. ఏ సముద్రంలో ఎలా తీశారో చెప్పే అనుమతి పత్రం వాటి వెంట రావాలి. అమ్మినవాడు పెట్టలేదు. ముప్పై రోజుల్లోగా అది రాకపోతే చిప్పలే కాదు, పెట్టె మొత్తం వెనక్కి పోతుంది.

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చిప్పలు తెమ్మని నేను చెప్పానా?"

"నా సొంత డబ్బుతో తెప్పించాను. మిగతా రిపేరు కొట్లకి అమ్ముకుందామని."

"నీ బేరాలు నా పెట్టెలోనా! నీ చిప్పల కోసం టీచరుగారు చెయ్యి పోగొట్టుకోవాలా? లే. లేచి బయటికి నడు. మళ్లీ నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను."

అరుపులకి లోపల్నుంచి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. తమ్ముణ్ని చూసింది, మొగుణ్ని చూసింది.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు మేస్త్రీ.

"నేనేం మాట్లాడటం లేదు. ఇల్లు అద్దెది, గడప ఓనరుగారిది అని గుర్తుచేస్తున్నాను, అంతే."

బావమరిది సంచీ భుజాన వేసుకుని, అక్క కళ్లలోకి కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

మేస్త్రీ కోపానికి కారణం ఎదురుగోడకి వేలాడుతోంది. మెడ ఊడదీసిన టీచరుగారి గిటారు అది. సందు చివరి బడిలో ఆవిడ ముప్పై ఏళ్లు పిల్లలకి పాటలు నేర్పింది. మేస్త్రీ కొట్టు తెరిచిన మొదటి వారంలో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, బాగానే మోగుతున్న గిటారు తెచ్చి, "ఇందులో ఏదో తేడాగా ఉంది బాబూ, చూసిపెట్టు," అన్న మనిషి. అందులో ఏ తేడా లేదని ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ల కిందట ఆవిడ వేళ్ల కీళ్లు వాయడం మొదలైంది. ఎడమచెయ్యి గిటారు మెడ చుట్టూ తిరగడం మానేసింది. ఆ చెయ్యి పట్టేంత సన్నగా, బొటనవేలు ఆనేచోట పల్లంగా ఉండే మెడ కావాలి. మేస్త్రీ తనే రెండు చెక్కాడు. రెండూ తీగల లాగుడికి విల్లులా వంగిపోయి పొయ్యిలోకి పోయాయి. చివరికి సముద్రాల అవతల, చెక్క లోపల సన్నటి ఊచలు పొదిగి అలాంటి మెడలే చెక్కే ముసలాయన ఒకడున్నాడని బావమరిదే వెతికిపట్టాడు. పళ్ల డాక్టరు దగ్గర అచ్చులు తీసే మైనం తెచ్చి, కర్రకి చుట్టి, టీచరుగారి చేత పట్టించారు. ఐదు వేళ్లూ పడిన ఆ మైనాన్ని బిస్కెట్ల డబ్బాలో దూది మధ్య పడుకోబెట్టి పంపించారు.

అది నాలుగు నెలల కిందటి మాట. మెడ ఆ అచ్చు కొలతకే తయారైంది. గోదాములో పడి ఉన్నన్నాళ్లూ చెక్క మారదు. ఆవిడ వేళ్లు మాత్రం మారుతూనే ఉన్నాయి. మొన్న వచ్చినప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మేస్త్రీ అది చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. పెట్టె ఇప్పుడు వెనక్కి పోతే, మళ్లీ అచ్చు, మళ్లీ చెక్కడం, మళ్లీ నాలుగు నెలలు. అప్పటికి పట్టుకోవడానికి చెయ్యంటూ ఉండాలి కదా.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే మేస్త్రీ మెట్ల మీద ఉన్నాడు. మూడు కిటికీలు తిప్పారు. మొదటి కిటికీలో రెండో దానికి పొమ్మన్నారు, రెండో దాంట్లో మొదటి దానికి పొమ్మన్నారు. మూడో దాని దగ్గర అద్దం మీద అరచేత్తో కొట్టాడు.

"అద్దం పగిలితే దానికీ ఫారముంది, నింపాలి," అంది లోపలి ఆఫీసరమ్మ తల ఎత్తకుండా.

"నింపుతాను. ఈ ఊళ్లో నేను నింపని ఫారం ఒక్కటి మిగిలిపోకూడదు."

ఆవిడ తల ఎత్తింది. వయసు మళ్లిన మనిషి, కళ్లద్దాల కాడకి టేపు చుట్టి ఉంది. నవ్వలేదు కానీ ఫైలు తెప్పించింది.

"పత్రం లేకుండా చిప్పలు వదలడం మా వల్ల కాదు. మిగిలిన సామాను ఇవ్వొచ్చు. చిప్పల మీద హక్కు వదులుకుంటున్నాను, నాశనం చేసేయండి అని రాసిస్తే చాలు."

"ఇటివ్వండి, రాసేస్తాను."

"మీరు కాదు. పెట్టె ఎవరి పేరు మీద వచ్చిందో ఆయన."

మేస్త్రీ నిన్న ఎవణ్ని గెంటేశాడో వాడి సంతకమే ఇప్పుడు కావాలి. కోపానికి అవమానం తోడైంది. ఆఫీసరమ్మ ఒక ఖాళీ ఫారం తీసి, ఏ గడిలో ఏం రాయాలో పెన్సిలుతో సన్నగా రాసి, కిటికీ కింద నుంచి తోసింది.

"దీని మీదే పెన్నుతో దిద్దమనండి. ఒక్క గడి తప్పినా వెనక్కి పంపాల్సి వస్తుంది. మీకున్నది రేపటిదాకానే."

అద్దం మీద కొట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో మేస్త్రీకి తెలియలేదు.

బావమరిది ఉండేది ఫోటోకాపీ కొట్టు మీది గదిలో. తలుపు తీశాడు కానీ పక్కకి జరగలేదు.

"ఏంటి, కాళ్లు విరగ్గొట్టడానికి ఇంతదూరం వచ్చావా?"

"సంతకం పెట్టు."

అతను ఫారం చదివాడు. చదువుతున్నకొద్దీ మొహం నల్లబడింది.

"నాశనం చేసేయండి అనా? రెండేళ్లు కూడబెట్టుకున్న డబ్బు బావా అది! నీ మెడ కంటే వాటి ఖరీదే ఎక్కువ, తెలుసా?"

"అయితే ఆ పెట్టెలో ఎందుకు పెట్టించావురా? వేరే పెట్టె దొరకలేదా?"

"ఎందుకా?" బావమరిది గొంతు ఒక్కసారిగా లేచింది. కింద ఫోటోకాపీ మిషను చప్పుడు ఆగింది. "నా కంప్యూటర్ నెత్తిమీద కాయితం అంటించిందెవరు? ఇంతింత అక్షరాలతో 'గాలికి కిరాయి కట్టొద్దు' అని రాసిందెవరు? విమానంలో వచ్చేదానికి బరువుతో పని లేదు, పెట్టె ఎంతుంటే అంత బాదుతారు, ఖాళీగా తెప్పించేవాడంత వెర్రివెధవ లేడని పదేళ్లుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోందెవరు? మెడ పెట్టాక పెట్టె సగం ఖాళీగా ఉందట, ఏం చేద్దామని నిన్ను అడిగాను. ఆ వేళ నువ్వేమన్నావో గుర్తుందా?"

మేస్త్రీకి గుర్తుంది. చెక్క మీంచి తల ఎత్తకుండా, 'ఏదో ఒకటి పడెయ్‌మనరా, నన్ను విసిగించకు,' అన్నాడు. ఆ మాట ఇప్పుడు తన గొంతుతోనే చెవిలో వినిపించింది. వినిపించినా కోపం తగ్గలేదు. ఎవరి మీద పడాలో తెలియక గదిలో గిరగిరా తిరుగుతోంది.

"మరి నెల్నాళ్లు అబద్ధాలెందుకు చెప్పావు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? చెప్పకపోతేనే గడప తొక్కొద్దన్నావు!"

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. బావమరిదే ముందు గొంతు తగ్గించి అడిగాడు.

"టీచరుగారి చెయ్యి ఎలా ఉంది?"

"గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది."

బావమరిది చిన్నప్పుడు ఆవిడ దగ్గర ఏడాది నేర్చుకుని, ఒక్క పాట కూడా రాక మానేశాడు. ఆ ఏడాదికి ఆవిడ ఫీజు తీసుకోలేదు. 'వీడు తాళం వెయ్యకపోయినా అల్లరి మానేశాడు కదా,' అందట.

అతను పెన్ను తీసి, ఫారాన్ని గోడకి ఆనించి, కసికొద్దీ సంతకం గీకాడు. కాయితం బర్రున చిరిగింది.

"నీ చెయ్యి పడిపోనూ! ఆవిడ పెన్సిలుతో అంతా రాసిచ్చిందిరా!"

ఇద్దరూ ఒకేసారి మెట్ల మీంచి పరిగెత్తారు. కింది కొట్టాయన చిరుగు కనబడకుండా ముక్కలు కలిపి కాపీ తీశాడు. పెన్సిలు గీతలు కాపీలో మరింత నల్లగా, చక్కగా వచ్చాయి. అంతా విన్నాడో ఏమో, కాపీకి డబ్బు వద్దన్నాడు. ఈసారి బావమరిది కూర్చుని, ఒక్కో అక్షరం దిద్ది, సంతకం పెట్టాడు.

"అక్కకి నువ్వే చెప్పాలి. గడప సంగతి."

"కిటికీలోంచి రా," అన్నాడు మేస్త్రీ మొహం మాడ్చుకునే.

ఆ మధ్యాహ్నమే ఫారం ఇచ్చాక, కస్టమ్స్ గోదాములో పెట్టె విప్పారు. చిప్పల పొట్లాలు నాలుగూ ఇనపపళ్లెంలో పోశారు. రేకుకప్పు కంతలోంచి పడిన ఎండకి అవి ఆకుపచ్చగా, గులాబీరంగుగా మెరిశాయి. సుత్తి పట్టుకున్న అటెండరు బావమరిదిని ఎగాదిగా చూసి, "మీ ఎదుటే కొట్టాలని రూలేం లేదు. లోపలికి తీసుకుపోనా?" అని అడిగాడు.

బావమరిది తల ఊపాడు. అటెండరు తలుపు కూడా వేసుకున్నాడు. అయినా చప్పుడు వినపడింది. ఒక్కో దెబ్బకీ బావమరిది రెప్ప పడింది. అది చూసి మేస్త్రీకి నిన్నటినుంచీ రగులుతున్న కోపం దారి మార్చుకుంది.

"ఇంక చాలు! పిండి చేస్తారా ఏంటి వాటిని?" అని మూసిన తలుపు మీద విరుచుకుపడ్డాడు. "రెండేళ్ల కష్టమది! నెమ్మదిగా కొట్టండయ్యా!"

"ఊరుకో బావా," అన్నాడు బావమరిది.

దిగుమతి డ్యూటీ లెక్క వచ్చింది. మెడ ఖరీదు మీద కొంత. దానికి కలిపిన రవాణా ఖర్చు మీద కొంత. ఆ రవాణా ఖర్చు పెట్టె మొత్తానిది.

"చిప్పల్ని మీరే పొడి చేశారు కదమ్మా," అన్నాడు మేస్త్రీ కిటికీ దగ్గర పళ్లు బిగించి. "ఆ సగం పెట్టెలో ఇప్పుడున్నది గాలి. నేను గాలికి డ్యూటీ కట్టాలా?"

"వచ్చేటప్పుడు గాలి కాదు కదండీ," అంది ఆఫీసరమ్మ టేపు చుట్టిన కళ్లద్దాలు సర్దుకుంటూ.

వెనక నుంచి బావమరిది ముక్కుతో ఒక శబ్దం చేశాడు. అది నవ్వో ఏడుపో చూడటానికి మేస్త్రీ వెనక్కి తిరగలేదు. కట్టాడు. ఏళ్ల తరబడి కట్టనని భీష్మించుకున్న కిరాయి, పన్నుతో సహా కట్టాడు.

మర్నాడు పొద్దున టీచరుగారు వచ్చింది. తీగలు బిగించిన గిటారు ఒడిలో పెట్టుకుని ఎడమచెయ్యి మెడ మీదికి తెచ్చింది. బొటనవేలు పల్లంలో ఒదిగింది. చూపుడువేలు, మధ్యవేలు తీగ మీద ఆనాయి. ఉంగరంవేలు మాత్రం తీగకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. ఆవిడ పెదవి బిగించి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అక్కడే ఆగింది.

"నాలుగు నెలల కిందటి వేలికి చెక్కిన మెడ కదా బాబూ," అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ. "దాని తప్పేముంది."

మేస్త్రీ పళ్లు పటపటలాడాయి. ఇరవై తొమ్మిది రోజులు! ఆ కిటికీల్ని, ఆ చిప్పల్ని, కంప్యూటర్ మీది తన రాతని, అన్నింటినీ ఒక్కసారే తగలబెట్టాలనిపించింది. గిటారు విసురుగా లాక్కుని, తీగలు వదులుచేసి, మెడ విప్పాడు. దాన్ని గిటారుకి బిగించే మడమ దగ్గర పెన్సిలు రాత ఉంది. బిగించేటప్పుడు కంపెనీ గుర్తేమో అనుకుని చూడలేదు. బల్ల పక్కనే నిలబడ్డ బావమరిది వంగి చదివి చెప్పాడు.

"ఆ ముసలాయన రాశాడు బావా. 'ఉంగరంవేలి వైపు ఒక మిల్లీమీటరు చెక్క ఎక్కువే ఉంచాను. ఊచ లోతుగా ఉంది, భయం లేదు. ఇలాంటి చేతులు దారిలో మారుతుంటాయి. మీరే గీసుకోండి' అని."

మేస్త్రీ చెయ్యి చాపాడు. నిన్న మొన్నటినుంచి అందనంత దూరంలో పడున్న పనిముట్లలోంచి బావమరిది గీకుడురేకు తీసి అందించాడు.

"కోపంగా ఉన్నావు. చెక్క ముట్టుకుంటావా?" అంది గుమ్మంలోంచి భార్య.

"కోపం పోయేదాకా ఆగితే ఈ జన్మకి పని జరగదు."

గీశాడు. పొట్టు సన్నగా ఉల్లిపొరలా చుట్టుకుని పడింది. బిగించి ఇచ్చాడు. చాల్లేదు. మళ్లీ విప్పాడు, గీశాడు, బిగించాడు. మూడోసారి ఉంగరంవేలు తీగ మీద వాలింది. టీచరుగారు కుడిచేత్తో మెల్లగా మీటింది. ఒక తీగ బరబరమంది. ఆవిడ కళ్లు మూసుకుని వేలు కాస్త జరిపి మళ్లీ మీటింది. ఈసారి అన్నీ పలికాయి.

మేస్త్రీ మొహం తిప్పుకుని బల్ల మీది పొట్టు ఊదాడు. కాసేపు అలాగే ఊదుతూ నిలబడ్డాడు.

"ఒరేయ్," అన్నాడు చివరికి, ఇంకా ఆ కసురు గొంతుతోనే. "ఆ ముసలాయనకి ఓ ఉత్తరం రాయి. వేలు అందిందని."

"అలాగే బావా. ఎలాగూ రాస్తున్నాం కదా, వచ్చేనెల తెప్పించాల్సిన ఊచల ధర కూడా అడగనా?"

"వద్దు," అన్నాడు మేస్త్రీ. "అందులో ఇంకేమీ పెట్టకు. ఆ ఒక్కటే పంపు."