వంతు కోసం కూర్చున్న నీడలు

పొద్దున్నే ఆయమ్మ ఆస్పత్రి వరండా ఊడుస్తుంది. బెంచీ దగ్గరికొచ్చాక చీపురు ఎత్తిపట్టుకుని, "కాళ్ళెత్తండమ్మా" అంటుంది. బెంచీ మీది నీడలు కాళ్ళెత్తుతాయి. ఆ కింద ఊడ్చేసి మందుల గదివైపు పోతుంది.

అప్పటికి చీటీల కిటికీ తెరుచుకుంటుంది. కిటికీ వెనక కూర్చునే పెద్దాయన్ని అందరూ చీటీల మామ అంటారు. కొండమీది గూడెంలో సగంమందికి ఆయన నిజంగానే మేనమామ, మిగతా సగానికి వరస కలుపుకున్న మామ. మంచివాడు. కాకపోతే కాస్త చెవుడు. సరిగ్గా విన్నానో లేదో అని, ఎవరేం చెప్పినా చీటీ రాసేముందు ఓసారి గట్టిగా పైకంటాడు.

"ఏంటీ, మంటా? ఎక్కడ మంట?"

వరండా వరండా అంతా అటు తిరుగుతుంది.

గూడెం పిల్లల్లో పదేళ్ళు దాటి ఇంకా పెద్దవాళ్ళు కానివాళ్ళకి ఈ ఆస్పత్రి ఏమాత్రం అక్కరకొస్తోందో చూసి రమ్మని పై ఆఫీసు ఒకమ్మాయిని పంపింది. వచ్చిన రోజే ఆమెకి సర్వే అమ్మాయని పేరు పడిపోయింది. వారమంతా కాపలా కాసింది. ముసలివాళ్ళొచ్చారు, బాలింతలొచ్చారు, ముక్కులు కారుతున్న చంటివాళ్ళొచ్చారు. ఆ వయసు పిల్లలు మాత్రం ఒక్కరూ లోపలికి రాలేదు.

"వాళ్ళకి రోగాలు రావేమో," అంది నర్సమ్మతో, సగం వేళాకోళంగా.

"రాకేం? మెట్ల దాకా వస్తారు. కిటికీలో మామని, లైన్లో ఏ పిన్నినో మేనత్తనో చూసి వెనక్కి తిరుగుతారు. వంతు పోకుండా నీడని కూర్చోబెట్టి పోతారు."

"మరి వాటి వంతెప్పుడు?"

"చీటీ లేందే పిలవం కదమ్మా," అంది నర్సమ్మ, సూదుల డబ్బా మూస్తూ.

ఆ మధ్యాహ్నం కాళ్ళు పీకేసి సర్వే అమ్మాయి చూసుకోకుండా బెంచీ మీద కూలబడింది.

"అయ్యయ్యో, లేవండి! పిల్ల మీద కూర్చున్నారు!" ఆయమ్మ కేకేసింది.

లేవబోయింది, లేవలేకపోయింది. మోకాళ్ళలో సలుపు. రొమ్ములో రోకలిపోట్లు. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. వంగి చూస్తే తన కింద రెండు జడల నీడ, సన్నటి భుజాలు.

డాక్టరుగారు పరుగున వచ్చారు. "ఇందాకటిదాకా బానే ఉన్నారుగా?"

"జబ్బు నాది కాదండీ. నా కింద పిల్లది."

ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నారు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నారు. మూతపడని తలుపు సందులోంచి గాలి దూరినట్టు చప్పుడు.

"గొంతునొప్పే కదా అని వదిలేస్తే కీళ్ళకి దిగుతుంది, అట్నుంచి గుండె కవాటాల్ని పట్టుకుంటుంది," అన్నారు. "ఇప్పుడైతే నెలనెలా సూదితో ఆపొచ్చు. ఆలస్యమైతే..." నీడవైపు వంగి చూశారు. "ఎవరి పిల్ల?"

నీడలకి మొహాలుండవు. మామ కిటికీలోంచి తొంగిచూశాడు.

"రెండు జడలా? మా గూడెంలో ఆడపిల్లలందరికీ రెండు జడలే," అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడగలడని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆస్పత్రికి వెనకో తలుపుంది. మందుల పెట్టెలు దింపుకోవడానికి తప్ప తీయరు. తీస్తే నేరుగా డాక్టరు గదే, ఎదురుగా కొండదారి. కిటికీ లేదు, వరండా లేదు, అత్తలు లేరు.

"అది తీసిపెడదామండీ," అంది సర్వే అమ్మాయి, ఆయమ్మ చెయ్యి పట్టుకుని బెంచీ మీంచి లేచి. లేవగానే నొప్పులన్నీ పోయాయి.

"తాళంచెవి మామ దగ్గరుంది," అంది నర్సమ్మ.

మామే లేచొచ్చాడు. పెట్టెలు పక్కకి లాగి, తాళం తీసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు.

సాయంత్రం ఎండ ముందు వరండాలోంచి దూరి వెనక తలుపు దాకా పరుచుకుంది. రెండు జడల నీడ లేచింది. డాక్టరు గదిలోంచి నడిచి, గడప దగ్గర నిలబడి, సాగడం మొదలుపెట్టింది. ఎండ వాలేకొద్దీ సాగింది. బండల మీదుగా, ముళ్ళకంచెల మీదుగా కొండెక్కింది. పాదాలు గడప దగ్గరే ఉన్నాయి. జడలు మాత్రం గూడెంలో ఒక గుమ్మాన్ని తాకాయి.

ఆయమ్మ చీపురు కింద పెట్టేసింది.

పైన ఒక పిల్ల బయటికొచ్చింది. తన నీడే తనకి దారిలా పరుచుకుని ఉంటే, దానిమీదే దిగింది. నాలుగడుగులకోసారి ఆగి, ఊపిరి కూడదీసుకుని. దిగేకొద్దీ నీడ పొట్టిదవుతూ వచ్చి, గడప దగ్గర ఆమె పాదాలకి అతుక్కుంది.

"మా మామ ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు. ఇటు రాడు," అని సర్వే అమ్మాయి తను బయటికి తప్పుకుని తలుపు దగ్గరగా వేసింది.

తలుపవతల డాక్టరుగారు చాలాసేపు విన్నారు. ఆనక నర్సమ్మ గొంతు: "కాస్త మంటగా ఉంటుంది తల్లీ."

"మంట అని గట్టిగా అనకండమ్మా!"

నర్సమ్మ నవ్వింది. పిల్లా నవ్వింది.

సర్వే అమ్మాయి చుట్టుతిరిగి వరండాలోకొచ్చేసరికి బెంచీ ఖాళీ. మిగతా నీడలన్నీ ఒకదాని వెనకొకటి వెనక తలుపువైపు నిలబడి ఉన్నాయి. మామ చీటీల కట్ట పక్కన పెట్టి, గోడవైపు తిరిగి, వాటికి దారిచ్చాడు.

తర్వాతెప్పుడో నర్సమ్మ అడిగింది, "వెనక తలుపు తాళం ఎక్కడ పెట్టావు మామా?"

"ఏంటీ? వినపడలేదు," అన్నాడు మామ.